సినిమా అక్కర్లేదు, చూసినవాళ్ళు చాలు

సినిమా చూడటం పాతకాలపు దురలవాటు. ఆవేశంలో అంటున్న మాట కాదిది, పదకొండేళ్ళ అనుభవం మీద అంటున్నాను.

చూసినవాళ్ళు ఇంతమంది ఉండగా మళ్ళీ మనం కూడా చూడటం ఎందుకు చెప్పండి? రెండున్నర గంటలు చీకట్లో కూర్చుని, ముందు సీటు పెద్దమనిషి తల పక్కనుంచి మెడ సాచి, ఎవడు మంచివాడో ఎవడు చెడ్డవాడో మనమే తేల్చుకోవాలట! ఎంత శ్రమ! అదే ప్రేక్షకుల అభిప్రాయాలు చదివారనుకోండి, నాలుగు నిమిషాల్లో పని అయిపోతుంది. ఎక్కడ ఏడవాలో తెలుస్తుంది. ఎక్కడ లేచి బయటికెళ్ళి సమోసా కొనుక్కోవచ్చో కూడా తెలుస్తుంది.

మా పళ్ళ డాక్టరునే తీసుకోండి. మన నోరు తెరిపించి, అందులో రెండు చేతులూ పెట్టి, కొత్త సినిమా క్లైమాక్స్ మొత్తం చెప్పేస్తాడు. మనం కాదనలేం, అవుననలేం. పన్ను ఊడిన సంగతి ఇంటికి వచ్చాక గానీ తెలియదు! ఇంతకంటే మంచి మత్తుమందు ఎవరైనా కనిపెట్టారా?

మా బావమరిది అయితే మరీ ఘనుడు. ఒక విందులో నలభై నిమిషాలపాటు ఒక సినిమాని చీల్చి చెండాడాడు. దర్శకుడికి కెమెరా ఎక్కడ పెట్టాలో తెలియదన్నాడు, హీరోయిన్‌కి నవ్వడం రాదన్నాడు. విన్నవాళ్ళందరూ తలలూపారు. ఆ సినిమా విడుదల అయింది మాత్రం ఆ తర్వాతి వారం.

ఇంతకీ నేనెవరో చెప్పలేదు కదూ! ఒక వారపత్రికలో ‘ప్రేక్షకుల మాట’ పేజీ నాది. శుక్రవారం మొదటి ఆట వదిలే వేళకి థియేటర్ గేటు దగ్గర నోటు పుస్తకం పట్టుకుని నిలబడతాను. వచ్చేవాళ్ళని మూడే ప్రశ్నలు అడుగుతాను. ఎలా ఉంది? ఏది నచ్చింది? ఎవరు చూడొచ్చు? అంతే. సినిమా పేరు కూడా ఎత్తను, అనవసరంగా టైము దండగ. ఎనిమిది ‘బాగుంది’లు, మూడు ‘పర్వాలేదు’లు, ఒక ‘బాగోలేదు’ పోగవ్వగానే ఆఫీసుకి పరుగెత్తుతాను. ఆ ఒక్క ‘బాగోలేదు’ లేకపోతే పేజీకి నిజాయితీ రాదని మా ఎడిటర్ గారి సిద్ధాంతం. ఒక్కోసారి అందరికీ సినిమా నచ్చి చస్తుంది. అప్పుడు కడుపునొప్పితో బయటికొచ్చే మనిషి కోసం గంటసేపు కాచుకోవాల్సి వస్తుంది.

ఇంత గొప్ప సేవ చేస్తున్న నాకు ఇంట్లో మాత్రం విలువ లేదు.

మా ఆవిడ బళ్ళో లెక్కల టీచరు. పెళ్ళయిన కొత్తలో మాకొక పద్ధతి ఉండేది. సినిమా అయ్యాక బస్సెక్కేవాళ్ళం కాదు. రెండు కిలోమీటర్లు నడిచేవాళ్ళం, దారి పొడుగునా పోట్లాడుకునేవాళ్ళం. ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, నేను పట్టినదానికి రెండే. విలన్‌ది తప్పా, హీరో అన్నగారిది తప్పా అన్న విషయం మీద ఒకసారి వంతెన మధ్యలో ఆగిపోయి, వాన మొదలైనా కదల్లేదు. దాపరికం ఎందుకు, నా జీవితంలో అంత సంతోషంగా తడిసిన రోజు మరొకటి లేదు.

ఈ ఉద్యోగం వచ్చాక ఆ పోట్లాటలు ఆగిపోయాయి. ఆవిడ ‘ఎలా ఉందండీ?’ అనేది. ‘మొత్తానికి పర్వాలేదు, సెకండాఫ్‌లో కత్తెరకి పని చెప్పాల్సింది’ అనేవాణ్ణి. ‘ఇది ఎవరి మాట?’ అనేది. నిజం చెప్పాలంటే గేటు దగ్గర దొరికిన ఒక గొడుగు పెద్దాయన మాట. మూడేళ్ళనుంచి ఆవిడ నన్ను మానేసి చెల్లెలితో సినిమాలకి వెళ్తోంది.

కిందటి వారం నా ముందు రెండు టికెట్లు పెట్టింది.

“ఆదివారం మాట్నీ. గతం మరిచిపోయిన హంతకుడి సినిమా. బయటికొచ్చాక మీకేం అనిపించిందో ఒక్క మాట చెప్పండి చాలు. మీదై ఉండాలి. మళ్ళీ ఎవరిదో తెచ్చి నా చేతిలో పెట్టారో, ఈ జన్మలో మీతో సినిమా మాట ఎత్తను” అంది.

వేలమంది అభిప్రాయాలు నా దగ్గర ఉన్నాయి, నాది మాత్రం వెతికితే ఒక్కటీ లేదు! ఇదివరకు ఎక్కడ పెట్టుకునేవాణ్ణో కూడా గుర్తులేదు.

సరే, శుక్రవారం వచ్చింది. కథ సంగతి ఊరంతా గోడల మీద ఉంది. ఒక రహస్య గూఢచారి సంస్థలో పేరుమోసిన హంతకుడు. నెత్తిన దెబ్బ తగిలి తనెవరో మరిచిపోతాడు. ఎవరిని చంపాలో గుర్తులేదు, ఎలా చంపాలో మాత్రం చేతులకి గుర్తుంది. ఆ థియేటర్లో రెండు హాళ్ళు, రెండు గేట్లు. కుడి హాల్లో హంతకుడు ఆడుతున్నాడు కాబట్టి ఎప్పట్లాగే కుడి గేటు దగ్గర నిలబడ్డాను.

ఏం జనం! ఏం స్పందన! ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. చంకల్లో పిల్లలు, చేతులు పట్టుకుని పిల్లలు! హంతకుల సినిమాకి ఇంతమంది పిల్లలా అని ఒక్క క్షణం అనుకున్నాను. కాలం మారింది, ఈ తరం గట్టిది అని వెంటనే సరిపెట్టుకున్నాను.

“మాటల్లేవండీ, అంతా ఆ కళ్ళతోనే చెప్పించారు” అంది ఒకావిడ.

“వీపు మీద అంత బరువుతో తిరుగుతుంటే పాపం అనిపించింది” అన్నాడు ఒక టైలరు. గతం తాలూకు బరువని నాకు అర్థమైంది. టైలరులో ఇంత కవిత్వం ఉందా అని మురిసిపోయాను.

“ప్రమాదం రాగానే తల లోపలికి లాక్కోవడం ఎంత సహజంగా ఉందో!” అన్నారు ఒక రిటైర్డ్ ప్రిన్సిపాల్. గూఢచారి అన్నాక తల దాచుకోడా మరి!

“సెకండాఫ్ స్లో. కానీ ఈ కథకి ఆ స్లో ఉండాల్సిందే.”

“నాయనమ్మ ఏడిపించేసింది.”

“చివర్లో ఇల్లు చేరినప్పుడు కళ్ళు చెమర్చాయి.” ఈ మాట ఒకరిద్దరు కాదు, పదిహేనుమంది అన్నారు! ఆఖరికి ఒక కుర్రాడు విసుగ్గా, “ఏముంది సార్, ఒక్క ఫైటు కూడా లేదు!” అన్నాడు. నా ‘బాగోలేదు’ కోటా కూడా నిండింది. పేజీ ఆదివారం ఉదయం అచ్చయి వచ్చింది. పదకొండేళ్ళలో నా అత్యుత్తమ పేజీ అదే.

మధ్యాహ్నం కుడి హాల్లో మా ఆవిడ పక్కన కూర్చున్నాను. ఏం చూడాలో నాకు ముందే తెలుసు కనుక నిశ్చింతగా కాళ్ళు చాపాను. హీరో ఒక లాండ్రీలో ఉతికిన బట్టల మూటల మధ్య కళ్ళు తెరిచాడు. నాలుగో నిమిషంలో బట్టల హ్యాంగరుతో ఇద్దర్ని పడగొట్టాడు. పదో నిమిషానికి లెక్క ఆరుకి చేరింది. ఫైట్లు లేవన్నాడే ఆ కుర్రాడు! వాడి ఇంట్లో మామూలుగా ఇంతకంటే ఎక్కువే జరుగుతాయేమో అనుకున్నాను. నాయనమ్మ కోసం ఎదురుచూశాను. ఇంటర్వెల్ దాకా రాలేదు. వచ్చినా బతికి బయటపడే పరిస్థితి తెరమీద కనిపించలేదు.

ఇంటర్వెల్‌లో గేటు మనిషిని పట్టుకున్నాను.

“ఈ సినిమాలో నాయనమ్మ ఎప్పుడొస్తుందయ్యా?”

“నాయనమ్మ పక్క హాల్లో సార్. తప్పిపోయిన తాబేలు సినిమా.”

“మరి శుక్రవారం ఈ గేట్లోంచి వచ్చినవాళ్ళు?”

“ఎడమ గేటు మెట్లకి రంగేశాం కదా సార్. అందుకని తాబేలు జనాన్ని ఇటు వదిలాం, హంతకుడి జనాన్ని వెనకనుంచి పంపేశాం.”

“నాకు చెప్పద్దూ!”

“మీరు అడిగితేగా! పదకొండేళ్ళలో ఎప్పుడైనా సినిమా పేరు అడిగారా?”

పప్పులో కాలేశానంటే చిన్నమాట, నిండా మునిగాను. తేలు కుట్టిన దొంగలా వచ్చి సీట్లో కూర్చున్నాను. ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది అనుకుంటూ ఉండగా లైట్లు ఆరిపోయాయి. అప్పుడు వెలిగింది నాకు. ఈ సినిమాలో తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలియదు!

అయ్యా, ఆ ఆనందం మీకెలా చెప్పేది? తలుపు తెరుచుకుంటే ఉలిక్కిపడ్డాను. ఎవడో వెనకనుంచి వస్తుంటే ‘వెనక్కి చూడరా!’ అని అరిచాను. పక్క సీటువాళ్ళు కసిరారు. కసరనీండి! ఆఖర్లో ఆ హంతకుడికి తనకో ఇల్లూ భార్యా ఉన్నారని తెలుస్తుంది. వెతుక్కుంటూ వెళ్తాడు. తలుపు కొట్టడానికి చెయ్యెత్తుతాడు. లోపల్నుంచి ఆవిడ ఏదో కూనిరాగం తీస్తూ ఉంటుంది. ఎత్తిన చెయ్యి దించేసి, వచ్చిన దారినే వెళ్ళిపోతాడు. అంతే, సినిమా అయిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంతమందిని చంపాడు, ఒక్క తలుపు కొట్టలేడా? పిరికిపంద! ఆమె ఏమంటుందో అడక్కుండా ఆమె తరఫున కూడా వీడే తేల్చేశాడు! ఇది నా అభిప్రాయం. గొడుగు పెద్దాయనది కాదు, టైలరుది కాదు, అచ్చంగా నాది! నోట్లో వేడి వేడి బజ్జీ పెట్టుకున్నవాడిలా ఆపుకోలేక బయటికి పరుగెత్తాను.

మొదటి మలుపు తిరగగానే మా ఆవిడ నిలబడింది. “ఊఁ, చెప్పండి” అంది.

“ముందు నువ్వు చెప్పు. నీమీద విరుచుకుపడాలి” అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. గొంతు సవరించుకుంది.

“బాగా చేశాడండీ. వీపు మీద ఏదో బరువు మోస్తున్నట్టే ఉన్నాడు సినిమా అంతా. కాస్త స్లో అనుకోండి, కథకి ఉండాల్సిందే. చివర్లో ఇల్లు చేరినప్పుడు మాత్రం కళ్ళు చెమర్చాయి.”



“ఇల్లు ఎక్కడ చేరాడే! తలుపే కొట్టలేదు కదా!”

“కొట్టలేదనే నాకూ అనిపించింది” అంది నెమ్మదిగా. “కానీ అంతమంది చేరాడన్నారు కదా మీ పేజీలో. నేను కళ్ళజోడు తుడుచుకున్నప్పుడు లోపలికి వెళ్ళుంటాడు అనుకున్నా.”

“నా పేజీ నువ్వెందుకు చదివావు?”

“మీరు అవే మాటలు అంటారు కదా, తిప్పికొట్టడానికి ఉంటుందని పొద్దున్నే చదువుకున్నా. హాల్లో కూర్చున్నాక తెరమీద కూడా అవే కనిపించాయండీ.”

చెప్పక తప్పలేదు. తాబేలు సంగతి, రంగేసిన మెట్ల సంగతి మొత్తం కక్కేశాను. నవ్వుతుందనుకున్నాను. మొదట నవ్వింది కూడా. మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీద కూలబడి, పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. తర్వాత ఆగిపోయింది. లెక్క తప్పిన పిల్లల మొహాలు ఆవిడ రోజూ చూస్తుంది, ఆవిడ మొహం అలా అయిపోవడం మాత్రం నేను అప్పుడే చూశాను.

“మరైతే నాకేం అనిపించిందండీ?” అంది.

ఇరవైయేళ్ళుగా ప్రతి విషయంలోనూ నన్ను చిత్తుగా ఓడిస్తూ వచ్చిన మనిషి, తన అభిప్రాయం ఏమిటో నన్ను అడిగింది! నేనేం చెప్పగలను? ఇన్నేళ్ళూ ఊళ్ళో ఎంతమంది కళ్ళజోళ్ళు ఇలా తుడిపించానో ఏమో! చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పాను. ఫస్ట్ షోకి ఇంకా టికెట్లు ఉన్నాయి. “ఈసారి లోపల మీరు నోరెత్తారంటే చంపేస్తా” అంది. రెండోసారి చూసి బయటికొచ్చాక ఆవిడ ఏమందో మీకు చెప్పను. అది అచ్చులో వెయ్యడానికి కాదు, నాకు చెప్పింది.

సోమవారం భయపడుతూనే ఆఫీసుకి వెళ్ళాను. ఎడిటర్ గారు భుజం తట్టారు. పేజీ అదిరిపోయిందట! సినిమా చూసొచ్చి మరీ ‘అక్షరాలా నిజం’ అని ఆదివారం రాత్రే ఫోన్లు చేశారట జనం. హంతకుడి సినిమావాళ్ళు కూడా ‘తల లోపలికి లాక్కోవడం’ అన్న వాక్యాన్ని పోస్టర్ల మీద వేసుకుంటామని ఫోన్ చేశారట. తాబేలు వైపు నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు.

ఇవన్నీ ఇలా బయటపెడితే ఉద్యోగం పోదా అని మీరు కంగారుపడకండి. మా ఎడిటర్ గారు దీన్ని చదవరు. చదివినవాళ్ళ అభిప్రాయం కనుక్కుంటారు.

కనుక ప్రేక్షకుల అభిప్రాయాలు వరమేనని మరోసారి మనవి చేసుకుంటున్నాను. వచ్చే శుక్రవారం కూడా గేటు దగ్గరే ఉంటాను. ఒక్కటే విన్నపం. మీరు బయటికొస్తూ నన్ను చూస్తే, చూడనట్టు తప్పుకుని వెళ్ళిపోండి. ఇంటిదాకా నడవండి. మీకేం అనిపించిందో పక్కన నడుస్తున్న మనిషితో ముందు పోట్లాడండి. అప్పటికీ ఏమైనా మిగిలితే, అది మాకు చాలు.