వంటింట్లో పొగ

ఆదివారం పొద్దున్నే ఇల్లంతా ఫొటోలు తీయించేసి, సాయంత్రానికల్లా అద్దె సంగతి తేల్చేయాలని టీచరమ్మ పథకం వేసుకుంది. ఇన్నేళ్లకు ఆమెకు హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది, అదీ వేరే ఊళ్లో. ఇల్లు ఎవరికైనా అప్పగిస్తే తప్ప కదలనని శ్రీవారు భీష్మించుకు కూర్చున్నారు. వారంలోగా వెళ్లి చేరకపోతే ఆ కుర్చీ ఇంకొకరి పాలవుతుంది.

ఫొటోలు తీసేది ఆమె తమ్ముడే. అతని ఉద్యోగమే అది. ఇంటిని మూలమూలనా ఫొటోలు తీసి కంప్యూటరుకిస్తే, అది వాటన్నిటినీ కలిపి అచ్చం అలాంటి ఇల్లే ఫోన్లో కట్టిపెడుతుంది. ఎక్కడివాళ్లయినా అందులోకి వెళ్లి గదిగదీ తిరిగి చూసుకోవచ్చు.

"ఒక్కటే షరతక్కా. నేను తీస్తున్నంతసేపూ ఏదీ కదలకూడదు. కదిలినదాన్ని అది చెరిపేస్తుంది" అన్నాడు తమ్ముడు.

"విన్నావుగా, కదలకూడదట" అంటూ శ్రీవారు సోఫాలో నడుం వాల్చి గురక అందుకున్నారు.

టీచరమ్మకు ఒళ్లు మండింది. కానీ లేపి పోట్లాడే తీరికేదీ? తమ్ముడు ఒక గదిలో ఉండగా పక్క గదిలో దుప్పట్లు మడిచింది, అతను అక్కడికొచ్చేసరికి వంటింట్లో గిన్నెలు తోముతోంది. "ఒకచోట నిలబడక్కా" అని అతను మొత్తుకున్నాడు. "నేను నిలబడితే ఈ కొంప ఎవరు సర్దుతారురా?" అంది గట్టు తుడుస్తూ.

మధ్యాహ్నానికి ఫోన్లో ఇల్లు తయారైంది. టీచరమ్మ తను చూడకుండానే, ఇల్లు అద్దెకు అడిగిన ఒకాయనకూ, ముచ్చటపడి ఆడపడుచుకూ పంపేసింది. కాసేపటికే అద్దెకు అడిగినాయన ఫోన్ చేశాడు.

"ఇల్లు బావుందండీ. కానీ వంటింట్లో ఆ పొగేమిటి? వైర్లు కాలుతున్నాయా? పైగా హాల్లో ఒకాయన పడుకుని ఉన్నారు. ఇల్లంతా తిరిగొచ్చినా లేవలేదు. ఖాళీ చేయనంటున్నారా? గొడవలున్న ఇల్లు మాకొద్దండీ."

టీచరమ్మ గబగబా ఫోన్లో ఇల్లు తెరిచి చూసింది. సోఫాలో శ్రీవారు నిక్షేపంగా ఉన్నారు. బనియను చిల్లుతో సహా ఉన్నారు. చుట్టూ తిరిగితే బట్టతల మీద మెరుపు కూడా కనిపిస్తోంది. ఆమె మాత్రం ఏ గదిలోనూ లేదు. వంటింటి గట్టు దగ్గర బూడిదరంగు పొగొకటి తేలుతోంది. ఆ రంగు చూసి తన నైటీని గుర్తుపట్టింది.

"పొద్దున్నుంచీ గొడ్డుచాకిరీ చేసిన నేను పొగనా? పడుకున్న మనిషికేమో ఇంత వైభోగమా?" అంది తమ్ముడితో.

"అదేం చేస్తుందక్కా? బావ ప్రతి ఫొటోలోనూ ఒకేచోట ఉన్నాడు."

"పాతికేళ్లుగా అక్కడే ఉన్నాడు" అందామె పళ్లు కొరుకుతూ.

ఇంతలో ఆడపడుచు బట్టల సంచీతో సహా రొప్పుతూ దిగింది. "ఫోన్లో అన్ని గదులూ వెతికాను, నువ్వెక్కడా లేవు. వంటిల్లు తగలబడుతోంది, మావాడు స్పృహ లేకుండా పడున్నాడు. వాణ్ణలా వదిలేసి ఎక్కడికి పోయావమ్మా?"

"ఇక్కడే ఉన్నాను వదినా" అంది టీచరమ్మ, చేతిలో చీపురుతో.

"ఇప్పుడున్నావు. ఫోన్లో లేవుగా."

అంతే, టీచరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. శ్రీవారిని తట్టి లేపి చీపురు చేతిలో పెట్టి, తను సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చుంది. "మళ్లీ తియ్యరా. ఈసారి నేను కదలను. మీ బావ సర్దుతారు."

శ్రీవారు నిద్రకళ్లతో చీపురు వంక చూశారు. "ఇది ఎటువైపు పట్టుకోవాలి?" అని నీరసంగా అడిగారు. తమ్ముడు ఏ గదికి వెళితే ఆ గదిలో, పక్క గదిలో, వంటింట్లో, ఆయన ఊడుస్తూనే ఉన్నారు.

సాయంత్రం అద్దెకు అడిగినాయన మళ్లీ ఫోన్ చేశాడు. "సోఫాలో ఉన్నది మీరేనా అండీ? ఎంత హాయిగా కూర్చున్నారో. ఇల్లు మాకు నచ్చింది. కానీ పొగ ఇప్పుడు ఇల్లంతా పాకింది, రంగు కూడా తెల్లబడింది. అదేమిటండీ?"

"అది పొగ కాదండీ. మావారు పనిచేస్తున్నారు."

ఆయన నవ్వి, పొద్దున్నే వచ్చి తాళాలు తీసుకుంటానన్నాడు. వారం తిరక్కముందే టీచరమ్మ వెళ్లి హెడ్మిస్ట్రెస్ కుర్చీలో కూర్చుంది. ఫోన్ ఎంత దగ్గరగా పెట్టుకుని చూసినా, ఆ పొగ శ్రీవారేనంటే ఆడపడుచు మాత్రం ఇప్పటికీ నమ్మడం లేదు.