పాసైన నకలు

ఏమండోయ్, ఆ ఫోను కింద పెట్టి ఇటు వినండి, దాంట్లో ఎలాగూ మీకోసం ఎవరూ లేరు: కాపీ మిషన్లలో కాగితం మీదికి నకలు దింపే డ్రమ్ములు చేసే ఫ్యాక్టరీలో గంధమల్ల ఐలయ్య మంగళవారం పొద్దున పూత తొట్టిలో పడి లేచాడు, ఎండలోకి రాగానే ఒంట్లోంచి అతని నకలొకటి ఊడి బయటికొచ్చింది. వేడివేడిగా ఉంది. ఎడమ చెవి మాత్రం కాస్త మసక. అటూ ఇటూ చూసి, "తంబాకున్నదా అన్నా?" అనడిగింది.

ఐలయ్య కంగారుపడలేదు. డ్రమ్ములకు పూసే ఆ తొట్టిలోది వెలుతురు తగిలితే పనిచేసే మందు. అందుకే పూతగదిలో పసుపు బల్బులు తప్ప వెలగవు. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదున్న అతన్ని పర్మినెంటు చేసే పరీక్ష శుక్రవారమే. అందాకా నకలును డ్యూటీకి తోలి తను హాయిగా పడుకోవచ్చు.

"సూపర్వైజర్‌ను ఎట్ల బేవకూఫ్ చేస్తనో చూడరా!"

"నువ్వు పండుకో అన్నా, నేను చూసుకుంట."

మళ్లీ ఎండ తగిలితే ఇంకొకడు వస్తాడని ఐలయ్య పూతగదిలోనే తొట్ల వెనక గోనె పరుచుకున్నాడు. నకలు మూడు రోజులు డ్రమ్ములయ్యే సిలిండర్లను మందులో ముంచి మెల్లగా పైకి లాగింది. ఒక్క బుడగ లేదు. రోజూ సాయంత్రం ఐలయ్య సైకిలెక్కి ఐలయ్య ఇంటికే పోయింది.

శుక్రవారం ఐలయ్య తల దువ్వుకుని పూతగదిలోనే పరీక్షకు నకలు పక్కన నిలబడ్డాడు. తనిఖీ చేసే చంద్రకళ మేడం నకలును ముందూ వెనకా తిప్పి చూసి పాస్ ముద్ర కొట్టింది.

"మేడం, అసలోణ్ని నేను!"

"గిన్నేండ్లల్ల డ్రమ్మును చూసి పాస్ జేసినమా ఎన్నడన్న? కాపీ తీసి కాపీనే చూస్తం. అది మంచిగున్నది. పర్మినెంటు దానికే."

"మరి నేను?"

"డ్రమ్మును యాడ పెడ్తం? అరల పెట్టి నల్లగుడ్డ కప్పుతం."

ఐలయ్య భార్య లచ్చవ్వకు ఫోన్ చేశాడు. "మా ఆయన పర్మినెంటయిండు, సంబురంల ఉన్నం, మల్ల జెయ్యి," అని పెట్టేసింది.

అరల గదిలో నల్లగుడ్డ ఎత్తితే ఎనిమిదో అరలో చంద్రకళ మేడం స్వెటర్ అల్లుతూ కూర్చుంది. పై అరలో మేనేజర్ సారు గురక.

"మీరా? ఇప్పుడే బయట..."

"అది పాసై పన్నెండేండ్లాయె. దాన్ని డ్యూటీకి తోలి పండుకుందామనే నేనూ అనుకున్న." ఆమె జరిగి చోటిచ్చింది. "తలుపు దిక్కు కూసోకయ్యా. వెలుగు తగిలితే ఇంకొకడు పుడ్తడు. నౌకర్లు నకళ్లకే సాలుతలెవ్వు."

ఐలయ్య గోడవైపు జరిగి గుడ్డ నిండా కప్పుకున్నాడు.