రెట్టింపు కాని అంకె

తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే, పదకొండు దాకా కంగారుపడకుండా ఉండటం. పిల్లల కోసం చేయించుకున్న చికిత్స రెండుసార్లు విఫలమయ్యాక ఇది మూడో ప్రయత్నం. సోమవారం భార్య రక్తంలో గర్భం హార్మోను నూట ఎనిమిది ఉంది. బుధవారానికి రెట్టింపైతే ధైర్యంగా ఉండవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఇవాళ బుధవారం. రక్తం ఇచ్చాక, ఆసుపత్రిలోని బరువు మిషను సరిగా ఉందో లేదో అని భర్త వంగి చూస్తుంటే భార్యకు ఓపిక నశించింది.

"మీరు ఇంటికెళ్లండి. మీరిలా తిరుగుతుంటే నాకు బీపీ పెరుగుతోంది. పదకొండింటికి రిపోర్టు తీసుకుని నేనే వస్తా."

ఇంట్లో అతను కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పదింటికి ఫోన్‌కి ల్యాబు మెసేజి వచ్చింది. భార్య పేరు, హార్మోను పేరు, పక్కన అంకె నూట పన్నెండు. తన బాధ సరే, ఆమెకు ఎలా చెప్పడం? అత్తగారికి ఫోన్ చేశాడు.

"అత్తయ్యా, రెట్టింపు కాలేదు. మీరొక్కరే రండి. ఎవరికీ చెప్పొద్దు."

"నేనెవరికి చెబుతా బాబూ!"

ఆవిడ అతని అక్కకు మాత్రమే చెప్పింది. అక్క వస్తూనే మెట్ల మీద పైవాటా ఓనరును పట్టుకుని, మాట పెగలక, భోరుమంది. ఓనరుకు అంతకన్నా వివరం అక్కర్లేకపోయింది. ఎనిమిది కుర్చీలు తెచ్చి వసారాలో వేయించాడు. కుర్చీలు చూసిన వీధివాళ్లు చెప్పులు విడిచి, చప్పుడు చేయకుండా వచ్చి కూర్చున్నారు.

"ఎప్పుడు జరిగిందమ్మా?" అడిగాడు ఒక పెద్దాయన.

"పొద్దున పదింటికి," అంది అత్తగారు కళ్లొత్తుకుంటూ.

అంతలో భార్య నవ్వుతూ గేటు తీసింది. కుర్చీలు, చెప్పులు, తల్లి ముఖం చూసి పాలిపోయింది.

"ఏమండీ... ఎవరికేమైంది? మామయ్యగారికా?"

"అందరూ బాగానే ఉన్నారు." ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "గుండె దిటవు చేసుకో. రెట్టింపు కాలేదు. నాకు నువ్వుంటే చాలు." అతనికి ఏడుపు ఆగలేదు.

"కాకపోవడమేంటి? రెండొందల నలభై ఒకటి! డాక్టరమ్మ నా కళ్లముందే చూసింది. ఇదిగో కాగితం!"

అతను నమ్మలేక తన ఫోన్ చూపించాడు. అంకె ఒక్కటే కాక, ఆమె అంతా చదివింది.

"ఇది సోమవారం రక్తం. ల్యాబు కూడా మనది కాదే?"

అప్పుడు గుర్తొచ్చింది. ఏ దుకాణం తక్కెడనూ అతను ఒక్క తూకంతో నమ్మి ఎరగడు. సోమవారం నర్సును బతిమాలి రెండో గొట్టం రక్తం తీసుకుని, స్వయంగా వేరే ల్యాబులో ఇచ్చి, ఈ కంగారులో ఆ సంగతే మరిచిపోయాడు.

"నూట ఎనిమిది నిజమేనా అని..." నసిగాడు.

ఆమె నవ్వింది, ఏడ్చింది, చేతిసంచీతో రెండు అంటించింది. తర్వాత అతని భుజానికి తల ఆనించింది. కుర్చీల్లోని వాళ్లు మెల్లగా లేచి చెప్పులు వెతుక్కున్నారు.

అత్తగారు మాత్రం ఏడుపు ఆపలేదు, కారణం మార్చుకుంది.