మంత్రిగారు సముద్రం అడుగు చూశారు

డ్రోవన్ లాఖ్ అనే మా సముద్రపు పాయ అడుగున బతికే ప్రతి ప్రాణినీ స్వయంగా పలకరిస్తానని మత్స్యశాఖ మంత్రి ఫార్కర్ డాల్‌గ్లీష్‌గారు రేవులో ప్రకటించారు. ఆ పలకరింపు అయ్యాకే, మా వదిన ఊనా నీళ్లలోకి దూకి స్కాలప్ ఆల్చిప్పలు ఏరుకునే చోట సాల్మన్ చేపల్ని పెంచే కంపెనీని బోనులు వేసుకోనివ్వాలో వద్దో తేలుస్తారట. ప్రజాస్వామ్యాన్ని అంత లోతుకు దించిన నాయకుణ్ణి నేనైతే చూడలేదు. సర్వేకి నా పడవే అద్దెకు తీసుకున్నారు గనక ఆయన దీక్షను దగ్గర్నుంచి చూసే భాగ్యం కలిగింది.

వారమంతా గాలీ వానా. ఆదివారం మాత్రం నీళ్లు కదలకుండా నిలిచాయి.

"ఇవాళే వెళ్లొద్దామండీ," అన్నాడు సర్వే ఆఫీసర్ బిన్నీ.

మా దీవిలో ఆదివారం ఉతికిన బట్ట కూడా ఆరెయ్యరు. పైగా ఎన్నికలు దగ్గర పడ్డాయి. మంత్రిగారు బైబిలు చంకన పెట్టుకుని చర్చి వైపు నడుస్తూ, "ఈ రోజు చేపలు కూడా విశ్రాంతిలో ఉంటాయి. వాటిని లేపడం పాపం కాదటయ్యా?" అన్నారు.

సోమవారం మళ్లీ గాలి లేచింది. ఊనా చోటు ఇంకా దూరం ఉండగానే మంత్రిగారి ముఖం పాచిరంగుకు తిరిగింది.

"ఎక్కడో ఒకచోట ఆపవయ్యా బాబూ."

గాలి తగలనిది కంపెనీవారి పాత బోనుల చాటున మాత్రమే. అక్కడే కెమెరా దించాం. కుళ్లిన మేత మీద పేరుకున్న తెల్లటి జిగురు తప్ప తెరమీద ఏమీ కనపడలేదు.

"ఏమున్నాయి?"

"ఏం లేవండీ," అన్నాడు బిన్నీ. "బోనుల కింద ఏం బతుకుతుంది? మనం చూడాల్సిన చోటు ఇంకా..."

"లేవన్నావుగా, అదే రాసుకో. అక్కడున్నవీ ఈ నీళ్లే."

ఫలితం ప్రకటించే సభకు ఊనా రబ్బరు సూటు నీళ్లోడుతుండగా, బకెట్ నిండా ఆల్చిప్పలతో వచ్చింది.

"పొద్దున ఆ చోట ఏరినవే అయ్యా. అన్నీ ప్రాణంతో ఉన్నాయి, చూడండి. అక్కడ బోనులు పడితే నా ఇంట్లో పొయ్యి వెలగదు."

ఒక ఆల్చిప్ప టప్పున మూసుకుని మంత్రిగారి టై మీద నీళ్లు చిమ్మింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయనా చలించిపోయారు.

"రుజువంటే ఇలా ఉండాలి. దీన్ని క్షుణ్ణంగా పరిశీలించాలి. బిన్నీ, లోపలికి పంపు."

లోపలున్నది వంటగది. కాసేపటికి పరిశీలన వెన్నలో వేగుతున్న వాసన వచ్చింది. పని ఎక్కువగా ఉండటంతో కంపెనీవాళ్లు కూడా బల్ల దగ్గర కూర్చుని సాయం పట్టారు. నాకు ఒళ్లు మండింది గానీ, మంత్రిగారి శ్రద్ధను మెచ్చుకోక తప్పదు. వెల్లుల్లి ముక్క కూడా వదల్లేదు.

"నా రుజువేదయ్యా?" అంది ఊనా.

"ఇదిగో తల్లీ, ఒక్కటీ ఎక్కడికీ పోలేదు," అని ఆయన ప్లేట్లన్నీ ఆమె ముందుకు తోశారు. మూతి తుడుచుకుని ఒక చిప్ప చేతిలోకి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూశారు. "ప్రాణంతో ఉన్నాయన్నావు. ఇందులో ప్రాణమేదమ్మా?"

బిన్నీ కూడా తొంగిచూసి, లేదని రాసుకున్నాడు.