నలభై ఒకటో పేజీ

మొదట ఒక కీచురొద వినిపించింది. మనిషి కనపడలేదు, మేడ కనపడలేదు, జెండా కర్ర కూడా కనపడలేదు. అరకు లోయంతా పొగమంచు. సంతకు పసుపు, చింతపండు మోసుకొస్తున్నవాళ్లు కావిళ్లు దించి చెవి ఒగ్గారు. కాసేపు కీచు, కాసేపు గురక, ఆపైన ఏదో గొంతు పట్టేసినట్టు మూలుగు.

"ఎవుడో పందిని పట్టినాడు," అంది ఒక ముసలమ్మ.

"పంది కాదే, ఇంటర్నెట్టు," అన్నాడు మా అటెండరు వరహాలు, మంచులోంచి గొంతు మాత్రమే బయటపెట్టి.

ఆ విధంగా 2006 డిసెంబరులో ఒక శుక్రవారం ఉదయాన మా గిరి ప్రగతి కార్యాలయం టెలిఫోను తీగ గుండా ప్రపంచంతో కలిసింది. నేనక్కడ కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ చేసేవాణ్ని. నోరు విప్పనక్కర్లేని ఉద్యోగం కనుక నాకు బాగా సరిపోయింది.

పది గంటలకు మా స్పెషలాఫీసరు సూర్యనారాయణ గారు మెట్ల మీద నిలబడి ప్రకటించారు.

"నేటి నుంచి ఈ కొండల్లో పేరు లేని గ్రామం ఉండదు! ప్రతి గ్రామానికీ ఒక వెబ్ పేజీ! హైదరాబాదులో మంత్రిగారు మౌస్ నొక్కితే గ్రామం కనపడాలి. కనపడిన గ్రామానికి పథకం. కనపడని గ్రామానికి..."

ఇక్కడ ఆయన ఆగారు. గొప్ప వక్తలకు ఎక్కడ ఆగాలో తెలుసు. మేమంతా చప్పట్లు కొట్టాం. చలికి చేతులు ఎలాగూ రుద్దుకుంటున్నాం కనుక అదనపు శ్రమ అనిపించలేదు.

చప్పట్లు ఆగాక మెట్ల దగ్గరికి ఒకామె వచ్చింది. కిల్లో సోములమ్మ. అనంతగిరి వెనక కొండల్లో ముప్పై ఎనిమిది ఇళ్ల ఊరు ఆమెది. జీపు వెనకాల వేలాడుతూ వచ్చింది.

"బాబూ, మా ఊరికి నీల్లు కావాల. మంచి ఊట కొండ మీదుంది. మేం కిందున్న వాగు, ఆ గెడ్డ నీల్లు తాగతన్నాం. పోయిన వానలకి వాంతులు పట్టి ముగ్గురు పోనారు. అందులో ఒకతె నా మనవరాలు."

సూర్యనారాయణ గారు విచారంగా తల పంకించారు. విచారానికని ఆయన దగ్గర ఒక ప్రత్యేకమైన తల పంకింపు ఉండేది.

"వెదురు కొట్టుకోనిత్తే మేమే చీల్చి, దోనెలు కట్టి, ఊటని కిందికి దింపుకుంటాం. అడవి గార్డు కొట్టనివ్వడు. తవరు ఒక్క మాట సెప్తే చాలు."

"వెదురా!" ఆయన దయగా నవ్వారు. "వెదురనేది పాత వెర్షనమ్మా. మనం అప్‌గ్రేడ్ అవుతున్నాం. నీకు పైపులొస్తాయి, స్టీలు కుళాయి వస్తుంది. ముందు పేజీ రావాలి."

"అయితే మా ఊరి పేరు..."

"నోటితో చెప్పకమ్మా. నోటిమాట కంప్యూటరు తీసుకోదు. అప్లికేషన్ రాయించు."

నేను రాశాను. ఆమె వేలిముద్ర వేసింది. వరసలో నలభై ఒకటో నంబరు పడింది. ఆ రోజు నుంచి మా ఆఫీసులో ఆ ఊరిని అందరూ గౌరవంగా "నలభై ఒకటి" అనే పిలిచారు.

పేజీలు చేయడానికి విశాఖపట్నం నుంచి రవిబాబు అనే వెబ్ డిజైనర్ వచ్చాడు. నెల తిరక్కుండా నలభై గ్రామాలకు నలభై పేజీలు అల్లాడు. నలభై ఒకటి రేపు మొదలవుతుందనగా, ఇవాళ ఆఫీసులోకి పరుగున వచ్చాడు.

"సార్, అమెరికాలో రెండు కంపెనీలు కలిసిపోయాయి! పేజీలు అల్లే సాఫ్ట్‌వేర్ వాళ్లూ, బొమ్మలు కత్తిరించే సాఫ్ట్‌వేర్ వాళ్లూ. మొన్నటిదాకా బద్ధశత్రువులు."

సూర్యనారాయణ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. తన సర్వీసులో ఆయన పార్టీలు కలవడం చూశారు, శాఖలు కలవడం చూశారు. ఏ కలయిక తర్వాతైనా ముందుగా లేచి నిలబడినవారే సీటులో మిగిలారు.

"చాలా సంతోషం. మనమేం చెయ్యాలి?"

"మనం వాడే వెర్షన్ ఆపేశారు సార్. పాత వెర్షన్ పేజీలు తీసుకోబోమని హైదరాబాదు నుంచి సర్క్యులర్ కూడా వచ్చింది. కొత్తది విడిగా అమ్మరు. బండిల్ కొనాలి. పెట్టెలో ఐదు సాఫ్ట్‌వేర్లు."

"ఐదు దేనికయ్యా?"

"ఒకటి పేజీలకి, ఒకటి బొమ్మలకి, ఒకటి కదిలే బొమ్మలకి, ఒకటి వీడియోలకి."

"ఐదోది?"

"అది ఎందుకో ఇంకా ఎవరికీ తెలీదు సార్."

"అయితే అదే ముఖ్యమైనది. కొనండి."

బయట బల్ల మీద కూర్చున్న సోములమ్మ ఇదంతా విని నాతో అంది: "సంతలో సావుకారి బుద్ధే నాయనా. ఉప్పు కావాలంటే పొగాకు కూడా కొనమంటాడు. ఇంతకీ మా పేజీ ఏటయింది?"

బండిల్ జనవరిలో వచ్చింది. పాత విండోస్ మీద అది ఎక్కలేదు. కొత్త విండోస్ తెప్పిస్తే దాన్ని పాత కంప్యూటరు మోయలేదు. కొత్త కంప్యూటరు తెప్పిస్తే, దాన్ని చల్లని గదిలో ఉంచాలని దాని పుస్తకంలో ఉంది.

"ఏసీ పెట్టించండి," అన్నారు సూర్యనారాయణ గారు.

"సార్, బయట నాలుగు డిగ్రీలుంది," అన్నాడు రవిబాబు.

"బయటి చలి ప్రైవేటు చలి. రేపు ఆడిట్ వాళ్లడిగితే దానికి బిల్లు ఎక్కడుంది?"

ఏసీ వచ్చింది. యంత్రానికి ఏసీ, మాకు కుంపటి. కుంపటి వేడికి ఏసీ మరింత గట్టిగా పనిచేసింది. ఏసీ చలికి వరహాలు కుంపట్లో మరిన్ని బొగ్గులు వేశాడు. రెండు విభాగాలు ఒకే గదిలో ఇంత పట్టుదలతో పోటీపడి పనిచేయడం నేను మరెక్కడా చూడలేదు. మంకీ క్యాపు పెట్టుకుని, దుప్పటి కప్పుకుని, రవిబాబు కొత్త సాఫ్ట్‌వేర్‌లో పాత పేజీ తెరిచాడు.

'ఫైలును గుర్తించలేకపోతున్నాను' అంది తెర.

నలభై పేజీలకూ నలభై సార్లు అదే మాట అంది.

"కంపాటిబిలిటీ సమస్య సార్. కంపెనీలు రెండూ కలిశాక, పాతవాటిని కొత్తది గుర్తుపట్టడం లేదు."

వెంటనే ఏడుగురితో కంపాటిబిలిటీ కమిటీ ఏర్పడింది. సరిపడటం, సరిపడకపోవడం అనే విషయంపై కమిటీ మూడు వారాలు చర్చించింది. తన పేజీ కోసం ప్రతి శుక్రవారం వచ్చే సోములమ్మ ఒకసారి గుమ్మంలో నిలబడి వింది.

"ఇదేటి బాబూ ఇడ్డూరం! మా కిల్లోవోల్లు పాంగివోల్లతో వియ్యమందుతారు. రెండిల్లూ కలుత్తాయి. పెల్లయినాక పుట్టింటోల్ల మొకం గురుతునేదు అంటే ఊరుకుంటామేటి? తగువు పెడతాం. పిల్లకిచ్చిన ఓలి సొమ్ము ఆల్లకే ఎనక్కి పారేత్తాం. ఆ అమిరికా వోల్లకి పెద్దమనుసులు నేరా?"

కమిటీ ఆ రోజు మినిట్స్‌లో 'స్థానిక ప్రజలతో సంప్రదింపులు సంతృప్తికరంగా ముగిసినవి' అని రాసుకుంది.

మార్చి నెలాఖరు వచ్చింది. నలభై పేజీలు తెరుచుకోలేదు. నలభై ఒకటోది మాత్రం పాత ఫైలు లేనందువల్ల కొత్త సాఫ్ట్‌వేర్‌లోనే పుట్టి, చక్కగా తెరుచుకుంది. ముప్పై ఎనిమిది ఇళ్లు, నూట తొంభై మంది జనం, కొండ మీద ఊట, కింద గెడ్డ, అన్నీ ఇంగ్లీషులో ఎక్కాయి. ఊరి పేరు తెలుగులోనే ఉండాలన్న రూలు ప్రకారం టైపు చేస్తే మాత్రం అక్షరాలకు బదులు చిన్న చిన్న డబ్బాలు పడ్డాయి.

"మన తెలుగు ఫాంటు కొత్త వెర్షన్‌కి సరిపడదు. పేరు తర్వాత వేద్దాం," అన్నాడు రవిబాబు.

"నేను సెప్తాను గదా, రాసుకో," అంది సోములమ్మ.

"చెప్దువుగానిలే. ముందు సేవ్ చెయ్యనీ."

పేరు పెట్టని పేజీకి ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఒక పేరు పెడుతుంది. 'అన్‌టైటిల్డ్', అంటే పేరు లేనిది. ఆ పేరుతోనే పేజీ హైదరాబాదు వెళ్లింది. మర్నాడు పేరు దిద్దుదామని రవిబాబు కంప్యూటరు తెరిచేసరికి సాఫ్ట్‌వేర్ మూతపడింది. పెట్టెలో దానికిచ్చిన తాళం నంబరు ఇంకా పాత కంపెనీదే. అరవై రోజుల తర్వాత కొత్త కంపెనీ దాన్ని ఒప్పుకోదట. ఫోన్ చేస్తే, మీ ఫోను మాకు ముఖ్యమైనదని ఇంగ్లీషులో చెప్పి, సంగీతం వినిపించారు. రవిబాబు కాంట్రాక్టు కూడా ఆ రోజుతోనే ముగిసింది. అతను సంగీతం వింటూనే విశాఖ బస్సెక్కాడు.

ఏప్రిల్ రెండో వారంలో ఉత్తర్వు వచ్చింది. మంత్రిగారు మౌస్ నొక్కారు. నలభై పేజీలు తెరుచుకోలేదు. ఒకటి తెరుచుకుంది. 'అన్‌టైటిల్డ్ గ్రామమునకు కొండ ఊట నుండి మంచినీటి పథకము మంజూరు చేయడమైనది.'

నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి నేను నోరు విప్పాను. "సార్, అది ఊరి పేరు కాదు."

"నాకు తెలీదా?" అన్నారు సూర్యనారాయణ గారు. "ఉత్తర్వు మారాలంటే హైదరాబాదులో పదకొండు సంతకాలు కావాలి. ఊరు మారాలంటే ఇక్కడ ఒక పెయింటరు చాలు."

ఇంత స్పష్టమైన పరిపాలనా సూత్రాన్ని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మళ్లీ నోరు మూసుకున్నాను.

ఊరి మొదట్లో పచ్చటి బోర్డు లేచింది: 'అన్‌టైటిల్డ్ గ్రామం. జనాభా 190.' ప్రారంభోత్సవం అయ్యేదాకా పాత పేరును ఆఫీసులోగానీ ఊళ్లోగానీ ఎవరూ పలకరాదని మౌఖిక ఆదేశం జారీ అయింది. వేరే పేరు ఎవరి చెవినైనా పడితే, ఒక ఊరి పథకం మరో ఊరికి మళ్లించారన్న కేసవుతుంది. పథకం రద్దవుతుంది.

"పేరేదైతేనేటి బాబూ, నీల్లు రానీ," అంది సోములమ్మ. పిల్లా గుంటలందర్నీ కూచోబెట్టి కొత్త పేరు వల్లె వేయించింది. కానీ మరుసటి శుక్రవారం ఆఫీసు నుంచి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "ఒక్కటే బాబూ. కొత్త నీల్లు తొలికుండ పట్టినప్పుడు, ఊల్లో పెద్ద ఆడమనిసి ఊరి పేరు కొండకి సెప్పాల. సెప్పకపోతే ఆ నీల్లు ఎవులూ తాగరు."

"చెప్పు. అన్‌టైటిల్డ్ అని చెప్పు," అన్నారు సూర్యనారాయణ గారు.

"కొండకి ఇంగిలీసు వొచ్చేటి?"

"మంత్రిగారి ముందు మాత్రం ఇంగ్లీషే చెప్పాలి. లేకపోతే నీళ్లు పోతాయి. ఆలోచించుకో."

ఆమె ఆలోచించుకుంటూ వెళ్లింది.

మే పన్నెండున మంత్రిగారి రాక ఖాయమైంది. పైపులు రాలేదు. పైపుల లారీ మూడు రోజులపాటు శృంగవరపుకోట నుంచి చింతపల్లి దాకా కనపడినవాళ్లందర్నీ అన్‌టైటిల్డ్‌కి దారి అడిగి, ఎవరికీ తెలియక, వెనక్కి వెళ్లిపోయింది. స్టీలు కుళాయి మాత్రం సూర్యనారాయణ గారి జీపులోనే వచ్చింది. ఊరి మధ్యన సిమెంటు దిమ్మె కట్టి దాన్ని బిగించారు. వెనక ఏమీ లేని కుళాయి ఎండలో ధగధగా మెరిసింది.

ఇంకా మూడు రోజులే ఉన్నాయనగా సూర్యనారాయణ గారు స్వయంగా ఆ ఊరికి నడిచి వచ్చారు.

"సోములమ్మా, నువ్వప్పుడెప్పుడో వెదురు సంగతి ఏదో అన్నావు."

"గార్డు కొట్టనివ్వడు గదా బాబూ."

ఆయన సెల్‌ఫోను తీసి, సిగ్నలు కోసం ఒక బండ ఎక్కి, అర నిమిషం మాట్లాడారు. గంటలో గార్డు వచ్చాడు. ఎక్కడ మంచి వెదురుందో తానే చూపించాడు. ఒక గొడ్డలి కూడా తెచ్చాడు.

మూడు రోజులు ఊరు ఊరంతా కొండ మీదే ఉంది. కొట్టినవాళ్లు కొట్టారు, చీల్చినవాళ్లు చీల్చారు, గుంటలు కణుపులు గీకారు. దోనె కింద దోనె, వాలు వెంట వాలు, ఊట మెల్లగా కొండ దిగి ఊళ్లోకి వచ్చింది. దిమ్మె వెనక, చివరి దోనె నుంచి కుళాయికి ఒక రబ్బరు గొట్టం తగిలించాం. ఎదురుగా కనపడకుండా ఆకులు కప్పాం.

పన్నెండో తేదీన మంత్రిగారు కుళాయి తిప్పారు. నీళ్లు పడ్డాయి. చప్పట్లు మోగాయి. టీవీ కెమెరా నీళ్లనూ, తర్వాత చాలాసేపు మంత్రిగారినీ చూసింది.

"ఒక్క క్లిక్! నేను నొక్కింది ఒక్క క్లిక్! కొండ దిగి వచ్చింది గంగ!" అని ఆయన ప్రసంగించారు. తర్వాత దిమ్మె పక్కకు తొంగి చూసి, "ఆ వెదురేమిటి?" అన్నారు.

"డెకరేషన్ సార్. లోకల్ కల్చర్," అన్నారు సూర్యనారాయణ గారు.

"బ్రహ్మాండం. వెబ్‌సైట్‌లో పెట్టించండి."

తొలికుండ సమయం వచ్చింది. సోములమ్మ కొత్త కుండతో దిమ్మె దగ్గరకు నడిచింది. అక్కడ వరహాలు చేతిలో పానాతో నిలబడి ఉన్నాడు.

"ఆ పానా దేనికిరా వరహాలూ?" ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"కుళాయి విప్పాల పిన్నీ. సాయింత్రం వేరే పథకంలో ఇంకో ఊల్లో ఓపెనింగు. ఉన్నది ఒకటే కుళాయి."

"మరి దోనెలు?"

"అవి మా లిస్టులో నేవు. మీవే."

"బోర్డో?"

"బోర్డు మాదే. ఉంటాది."

ఆమె కుళాయిని చూసింది, పానాను చూసింది, ఆకుల కింద గలగలమంటున్న దోనెను చూసింది. తర్వాత కుళాయిని వదిలేసి, దిమ్మె వెనక్కి వెళ్లి, రబ్బరు గొట్టం ఊడదీసి, వెదురు కొస కింద కుండ పెట్టింది. కుండ నిండింది.

మంత్రిగారు కెమెరాను అటు తిప్పించి, మైకు చాపారు. "చెప్పమ్మా, ధైర్యంగా చెప్పు. మీ ఊరి పేరేమిటి?"

సూర్యనారాయణ గారు ఆయన భుజం వెనక నుంచి పెదవులు మాత్రమే కదిపి, ఒక్కొక్క అక్షరమే అందించారు. అన్. టై. టి. ల్డ్.

సోములమ్మ కుండను తలకెత్తుకుంది. మైకు వైపు తిరగలేదు, మంత్రిగారి వైపు తిరగలేదు. కొండ వైపు తిరిగింది. ఐదు నెలలుగా ఎవరూ చెప్పనివ్వని మాటను, అంత దూరానికీ వినపడేట్టు, గొంతెత్తి చెప్పింది.

"జీలుగుపుట్టు."