పెనుకొండ కింద చక్రపరీక్ష

ఉత్తరమున ధర్మవరపు మగ్గముల చప్పుడును, దక్షిణమున హిందూపురపు బస్టాండు కోలాహలమును అందనంత దూరమున, పెనుకొండ దుర్గపు శిలాశిఖరముల నీడలో, వేరుశనగ కోతలు ముగిసి ఎర్రనేల నెర్రెలు వారిన మాఘమాసమున, ఒక శనివారపు ప్రాతఃకాలమున, గాలి ఇంకను నిద్ర లేవని శుభవేళ, ఇద్దరు వీరవనితలును ఒక వృద్ధమాతయు ఒకే స్కూటరునెక్కి సమరభూమిని చేరిరి.

ఆ భూమికి ప్రాక్టీస్ గ్రీన్ అని పేరు. అందు ఒక్క తంగేడు పొద తప్ప పచ్చనిదేదియు లేదు. నడుమ ఒక ఇనుపస్తంభము. దాని శిరమున మోటారుసైకిలు రిమ్ము. రిమ్మునుండి వ్రేలాడు గొలుసులు. వాని క్రింద ఆకలిగొన్న రక్కసివలె నోరు తెరచిన ఇనుపబుట్ట. పళ్లెము వంటి చక్రమును విసరి, ఆ గొలుసులకు తాకించి, ఆ బుట్టలో పడవేయుటయే డిస్క్ గోల్ఫ్ అను క్రీడకు పరమపురుషార్థము. బుట్టను సమీపించిన పిమ్మట ప్రయోగించు చక్రమునకు పట్టరని నామధేయము.

వీరవనితలలో మొదటిది సౌమ్య. ధర్మవరమున పట్టునేతవారింట పుట్టి, చిన్ననాట మగ్గపు నాడె విసరి రాటుదేలిన మణికట్టు గలది. పెనుకొండలో పట్టుచీరల అంగడివారింట మెట్టినది. రెండవది ఆమె ఆడబిడ్డయు, ఆటలో జోడీయు అగు రాధిక. వృద్ధమాత సౌమ్యకు అత్త, రాధికకు తల్లి అగు అంజినమ్మ. ఇంట ఒంటరిగా కూర్చుండుట కంటె మేలని వచ్చి, బండపై ఆసీనురాలై, బొరుగుల ఉగ్గాని గిన్నెను, మిరపకాయ బజ్జీల పొట్లమును ఒడిలో నిధివలె కాపాడుచుండెను.

గతవత్సరము హిందూపురమున జరిగిన జోడీల పోటీలో, ఆఖరి బుట్టకు నాలుగు బారల దూరమున, గెలుపు గుమ్మమున నిలిచి సౌమ్య విసరిన చక్రము గొలుసులను తాకి, ఏమి తోచెనో, వెనుకకు ఉరికెను. జోడీకి రెండవ స్థానము దక్కెను. నాటినుండి ఆమె హృదయమున ఒక్కటే ప్రశ్న: తప్పు చక్రమునదా, చేతిదా? చక్రమునదేయని తీర్పు చెప్పుకొని, ఆన్‌లైనులో క్రొత్త చక్రమును తెప్పించెను. అయినను పప్పు తాలింపు పెట్టునప్పుడెల్ల, ఆవాలు చిటపటలాడునప్పుడెల్ల, ఆ చక్రము వెనుకకు ఉరుకుట కన్నులకు కట్టుచునే యుండెను.

పూర్వచక్రము ఎర్రనిది, ఎండలకు మెత్తబడినది, అంచున వీధికుక్క పంటిగాట్లను యుద్ధక్షతములవలె ధరించినది. నవచక్రము నీలవర్ణము, శిలాకఠినము, కవరు వాసన ఇంకను వీడనిది. తెల్లవారిన జరుగు పోటీకి వీనిలో ఏది తరలవలెను?

సౌమ్య రెండు చక్రములను రెండు చేతుల ఎత్తి, పెనుకొండ ప్రతిధ్వనింప, ఇట్లు గర్జించెను:

“రాధికా, ఇను! ఈ పొద్దు ఈడ్నే తేలిపోవల్ల! రెండిట్లో యాది ఎక్కువసార్లు బుట్టలో పడతాదో, అదే రేపు నా చేతిలో ఉంటాది. ఓడినదాన్ని మళ్లీ తాకితినా, నన్ను ధర్మవరం బిడ్డ అనొద్దు!”

“అట్లే కానీలే వదినా,” అని రాధిక ఆవులించెను. “ఎండెక్కక ముందే మొదలుపెట్టు.”

అంతట సౌమ్య కుడికాలు ముందునకు మోపి, ఎడమకాలు వెనుకకు సాచి, శ్వాస బంధించి, రెప్ప వాల్చక, నడిమి గొలుసును తప్ప ముల్లోకములలో మరి దేనిని గాంచక, నీలచక్రమును వదలెను. అది గగనతలమును చీల్చుకొని పోయి, గొలుసులపై ఝణఝణధ్వానముతో వ్రాలి, బుట్టలో విశ్రమించెను. దిక్కులు పిక్కటిల్లెను. తంగేడు పొదలోని తొండ ఉలికిపడెను.

పిదప ఎర్రచక్రము వంతు. అది బుట్టకు బారెడు ఇవతలనే ధూళిలో కూలెను. మరల నీలచక్రము ఝణఝణ. మరల ఎర్రచక్రము ధూళి. ఇట్లు కొంతసేపు సాగగా, సౌమ్య ముఖమున విజయదరహాసము మొలకెత్తుచుండగా, రాధిక నడుమున చేతులుంచుకొని అడ్డు వచ్చెను.

“ఏం వదినా ఇది? కొత్తదాన్ని చంటిబిడ్డను పండబెట్టినట్ల పంపిస్తాండావు. పాతదాన్ని ఎంగిలాకు పారేసినట్ల పారేస్తాండావు. ఇదేం పరీక్ష?”

“నేనేం చేస్తిని? రెండూ ఒకే మాదిరి ఇసురుతాండా!”

“యాడ ఒకే మాదిరి? తే ఇట్ల, నేనేస్తా.”

రాధికకు చక్రములపై రాగద్వేషములు లేవు. వేగముగా ముగించి ఇల్లు చేరవలెనను కోరిక మాత్రము కలదు. ఆ నిష్పక్షపాత హస్తమునుండి వెడలిన ఎర్రది బుట్టలో పడెను, నీలిదియు పడెను. కొండగాలి మేల్కొని ఎర్రదానిని ప్రక్కకు నెట్టెను. నీలిదానిని అంతకంటె దూరము నెట్టెను. ఎన్నిమారులు విసరినను ఉభయచక్రములును సమబలములై నిలిచెను.

సౌమ్య నేలపై చతికిలబడెను. చక్రములు రెండును నిర్దోషులైనచో దోషి ఎవరు? ఏడాదిగా ముద్దాయిని వెదుకుచున్న న్యాయాధిపతికి, నిండు కొలువులో తన పేరే పిలిచినట్లాయెను.

ఆ విషాదఘడియలో ఆమె తల త్రిప్పి చూచి కెవ్వున కేక వేసెను. అంజినమ్మ, బండ ప్రక్కకు దొరలి వచ్చిన నీలచక్రమును వెల్లకిల త్రిప్పి, అందు ఉగ్గాని వడ్డించుకొని, పైన రెండు బజ్జీలుంచుకొని ఆరగించుచుండెను.

“అత్తా! అది పట్టరత్తా!”

“పట్టరో గిట్టరో, ప్లేట్లు తేను మరిస్తిమి కదా. అంచు ఎత్తుగుండాది, ఉగ్గాని కింద పడదు. ఎర్రదాంట్లో కుక్క నోరు పెట్టింది, అది నాకొద్దు. రెండిట్లో ఇదే మేలు.”

ఇట్లు ఒక తీర్పు వెలువడెను. బజ్జీల నూనెతో జిడ్డెక్కిన నీలచక్రము ఆ దినమునకు అస్త్రసన్యాసము చేసెను.

సౌమ్య మెల్లగా అత్త ప్రక్కకు జరిగి, “అత్తా, పోయినేడు తప్పింది చక్రం తప్పు కాదంట. నాదేనంట,” అనెను.

“నీది గాక ఇంకెవరిదమ్మా? చేయి నీదే కదా.”

“అందుకేనా వచ్చినోళ్లకంతా చెప్తివి, నా కోడలు సెకండొచ్చిందని? ఎగతాళికి?”

అంజినమ్మ బజ్జీ కొరికి కొంత యోచించెను. “చుట్టాలకు గొప్పగా చెప్తి. నీ మీద కోపమొచ్చిన పొద్దు ఎగతాళిగా చెప్తి. రెండూ చెప్తి. తిను, సల్లారిపోతాది.”

సౌమ్య తినెను. కారమునకు కన్నుల నీరు తిరిగెను, కారమునకే. పిదప లేచి, ఎర్రమట్టితో చేతులు రుద్దుకొని, కొంగు బిగించి, ఎర్రచక్రమును చేకొని, బుట్టకు సరిగ్గా ఆ నాటి నాలుగు బారల దూరమున నిలిచెను. గాలి ఎదురుగా వీచుచుండెను. ఆగవలెనని సౌమ్యకు తోచలేదు.

విసరెను.

చక్రము గొలుసులను తాకెను. తాకి, వెనుకకు ఉరుకబోయి, బుట్ట అంచుపై నిలువున నిలిచి, అటు పడనా ఇటు పడనా యని ఊగిసలాడెను. రాధిక ఊపిరి బిగబట్టెను. అంజినమ్మ నమలుట మానెను. ఎర్రచక్రము ఒక్కమారు గజగజ వణకి, లోపలికి ఒరిగి, బుట్టలో చప్పున కూలబడెను.

“ఎర్రదాన్నే తీసుకపోదాం,” అనెను సౌమ్య.

“రేపు గూడా తప్పితే?”

“తప్పితే నాదే తప్పు. పద, బండి తీ.”

ఈ విధముగా, ప్రతిపక్షము లేని రణమున, పోటీ కాని దినమున, నాలుగు బారల దూరమునుండి, ఒకే ఒక చక్రమును, బుట్ట అంచు దయవలన బుట్టలో వేసి, సౌమ్య దిగ్విజయమును సాధించెను. ఈ జయము సూర్యచంద్రులున్నంత కాలము కాకున్నను, రేపటి హిందూపురపు మొదటి బుట్ట వరకైనను నిలుచును గాక!