మీ బండి బయలుదేరింది

రోగుల రవాణా శాఖలో లోపం అనేది ఇక లేదు. తగ్గిందనో, అదుపులోకి వచ్చిందనో అనడం లేదు. లేదు, అంతే. శాఖ ఈ సంగతిని తన సొంత యాప్‌లో పెద్ద అక్షరాలతో ప్రకటించిన వారంలోనే, ఆ యాప్ రాసిన అమ్మాయి వాళ్ళ పిన్నికి డయాలిసిస్ తప్పిపోయింది. (ఈ రెండింటికీ సంబంధం లేదని శాఖ తర్వాత స్పష్టం చేసింది.)

పిన్ని కిడ్నీలు పనిచేయడం మానేసి చాలా కాలమైంది. వారానికి మూడు రోజులు ఆస్పత్రికి వెళ్ళి, యంత్రం పక్కన పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని రావాలి. సెలవుల్లేని ఉద్యోగం లాంటిది. తీసుకెళ్ళడానికి శాఖ వాన్లు ఉన్నాయి. వెనకటికి ఫోన్ చేస్తే వచ్చేవి. తర్వాత ఫోన్ తీసేసి యాప్ పెట్టారు. అందులో 'బండి కావాలి' అని ఒక బటన్, దాని కింద, కాస్త చిన్నగా, 'ఫిర్యాదు' అని ఇంకో బటన్. మొదటిది నొక్కితే పచ్చటి టిక్కు వస్తుంది. 'మీ బండి బయలుదేరింది' అని తెర చెబుతుంది.

ఆ మంగళవారం పిన్ని బటన్ నొక్కింది. టిక్కు వచ్చింది. సంచీలో దుప్పటి పెట్టుకుని, రోజుకింత అని డాక్టరు కొలత పెట్టిన నీళ్ళ సీసా పట్టుకుని, మెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. వీధిలోంచి చెత్త బండి వెళ్ళింది. గ్యాసు బండి వెళ్ళింది. ఎవరిదో సోఫా మోసుకుంటూ ట్రాలీ వెళ్ళింది. ఆవిడ కోసం మాత్రం ఏదీ ఆగలేదు. ఎండ కుర్చీ దాకా వచ్చాక అమ్మాయికి ఫోన్ చేసింది.

"ఏమే, బండి వచ్చి వెళ్ళిపోయిందేమోనే. నేనే కునుకు తీశానేమో."

"నిద్రపోయావా పిన్నీ?"

"లేదనే అనుకుంటున్నా. కానీ నీ యాప్ బయలుదేరిందంటోంది కదా. నువ్వు రాసింది అబద్ధం చెబుతుందా?"

అమ్మాయి ఉన్నపళంగా లేచి, టాక్సీ మాట్లాడుకుని పిన్నిని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అప్పటికే ఆవిడ మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. మర్నాడు రమ్మన్నారు. మర్నాటికి పిన్ని కాళ్ళు ఎంత ఉబ్బాయంటే, చెప్పులు పట్టక ఒట్టి కాళ్ళతో టాక్సీ ఎక్కింది.

ఇక్కడ పాఠకులకు ఒక చిన్న విషయం చెప్పాలి. యాప్ తనంతట తాను బండిని పంపదు. ఎక్కడో చల్లటి గదిలో ఉండే సర్వర్ అనే యంత్రానికి విన్నపం పంపుతుంది. సర్వర్ తన జవాబుతోపాటు ఒక మూడంకెల సంఖ్య పంపుతుంది. రెండువందలంటే అంతా సవ్యం. నాలుగువందల నాలుగంటే నువ్వడిగింది ఇక్కడ లేదు. ఐదువందలంటే నాకే ఒంట్లో బాగోలేదు. యంత్రాలు తమలో తాము ఈమాత్రం నిజాయితీగానే మాట్లాడుకుంటాయి. అయితే నాలుగుతోనూ ఐదుతోనూ మొదలయ్యే సంఖ్యలు శాఖ పరువుకు భంగకరమని లోప నిర్మూలన సంచాలకుడు గుర్తించాడు. (ఇలాంటి పదవి ఒకటుందని తెలియనివారు కంగారు పడనక్కర్లేదు. నియామకం అయ్యేదాకా ఆయనకూ తెలియదు.) ఒక్క ఉత్తర్వుతో ఆ సంఖ్యలను రద్దు చేశాడు. అప్పటి నుంచి సర్వర్ ఎవరేమడిగినా చివరికి రెండువందలే అంటోంది.

ఆ సర్వర్ చూసుకునే ఉద్యోగిని ఆఫీసులో అందరూ 'రెండొందలు' అని పిలుస్తారు. అమ్మాయి ముందుగా ఆయన బల్ల దగ్గరికే వెళ్ళింది.

"అన్నా, బండి కావాలని యాప్ పంపే విన్నపాలు మీకు చేరుతున్నాయా?"

"చేరకపోతే రెండొందలు ఎలా వస్తుందమ్మా?"

"రెండొందలు వస్తోంది. బండే రావట్లేదు."

"బండి మా పరిధి కాదు. మాది సంఖ్య వరకే." ఆయన తన కంప్యూటర్‌లో అదే చిరునామా తెరిచాడు. ఠక్కున తెరుచుకుంది. "చూశావా? నా దగ్గర పనిచేస్తోంది."

"మీ దగ్గర పేషెంట్లు లేరు కదన్నా."

"అందుకే పనిచేస్తోంది" అన్నాడాయన. ఆ మాటలో వెక్కిరింత ఏమీ లేదు.

తిరిగి వస్తూ అమ్మాయి వాన్లు నిలిపే షెడ్డులోకి తొంగి చూసింది. కడిగిన వాన్లు వరసగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు నీడలో పేకాడుతున్నారు.

"ఈమధ్య ఊళ్ళో అందరికీ ఆరోగ్యం కుదుటపడినట్టుందమ్మా" అన్నాడు ముక్కలు కలుపుతున్న డ్రైవరు. "ఒక్కరూ పిలవట్లేదు."

(డీజిలు ఆదా చేసినందుకు ఆ షెడ్డుకు అప్పటికే ప్రశంస అందింది.)

అమ్మాయి తన బల్ల దగ్గర కూర్చుంది. ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి, యాప్‌కీ సర్వర్‌కీ మధ్య నడిచే ప్రతి మాటా తెర మీద కనబడేలా పెట్టింది. నెట్ సరిగా లేదేమో అనుకుంది. బాగానే ఉంది. లోపలికి రానిచ్చే గుర్తింపు గడువు తీరిందేమో అనుకుంది. తీరలేదు. ఫోన్ మార్చింది, మళ్ళీ నొక్కింది, మళ్ళీ టిక్కు. ఆ పచ్చ టిక్కును చూస్తే ఒళ్ళు మండిపోయే దశకు చేరుకున్నాక, ఈసారి చివరి వరస ఒక్కటే కాకుండా అంతా పై నుంచి చదివింది. వస్తున్నది ఒక జవాబు కాదు, రెండు.

యాప్ విన్నపం పంపగానే సర్వర్ ముందు మూడువందల ఒకటి అంటోంది. (మూడుతో మొదలయ్యేవి రద్దు ఉత్తర్వులో లేవు.) అంటే, ఆఫీసు పక్క తలుపుకి మారింది, అటు వెళ్ళండి అని. యాప్ ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా బుద్ధిగా పక్క తలుపుకి పరుగెత్తుతోంది. పరుగెత్తేటప్పుడు చేతిలో ఉన్నవన్నీ, అంటే పిన్ని ఇల్లూ, ఆస్పత్రీ, వెళ్ళాల్సిన వేళా, మొదటి తలుపు దగ్గరే పడేసి పోతోంది. అక్కడికి ఒట్టి చేతులతో చేరి, ఎందుకొచ్చిందో మరిచిపోయి, 'ఇవాళ ఎవరైనా బండి అడిగారా?' అని కుశలం అడుగుతోంది. ఎవరూ అడగలేదు. సర్వర్ ఆ మాటే చెప్పి, రెండువందలు కొట్టి పంపుతోంది. రెండువందలు కనబడితే టిక్కు పెట్టాలని యాప్‌కు శాఖ నిబంధన. పెడుతోంది.

తలుపు ఎందుకు మారిందంటే, శాఖలో చిరునామాల సుందరీకరణ సంఘం ఉంది. ప్రతి వెబ్ చిరునామా చివర ఒక ఏటవాలు గీత ఉంటే నిండుగా ఉంటుందని అది తీర్మానించింది. సర్వర్‌లో గీత పెట్టారు. యాప్‌కు చెప్పలేదు. (యాప్‌కు ఆ సంఘంలో సభ్యత్వం లేదు.)

ఊళ్ళో రోగులకూ బండ్లకూ మధ్య అడ్డం పడుకున్నది ఒక గీత. అమ్మాయికి నవ్వొచ్చింది. పిన్ని పాదాలు గుర్తొచ్చి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఫిర్యాదు బటన్ కూడా నొక్కి చూసింది. దానికీ అదే గతి.

యాప్‌లో బండి చిరునామాకొకటి, ఫిర్యాదు చిరునామాకొకటి, రెండు గీతలు చేర్చడం చిటికెలో పని. విడుదల చేయడానికి మాత్రం సంచాలకుడి అనుమతి కావాలి. ఆయన గదిలో వంగపండు రంగు కర్టెన్లు కొత్తగా వేలాడుతున్నాయి.

"ఏ లోపాన్ని సరిచేస్తున్నావమ్మా?"

"బండి విన్నపాలు చేరడం లేదు సార్. చిరునామా చివర గీత..."

"లోపం నంబరు చెప్పు."

"లోపాలకి నంబర్లు ఇవ్వడం మానేశారు కదా సార్."

"మేం మానలేదు. లోపాలే మానేశాయి." తన తెరను ఆమె వైపు తిప్పాడు. నిండా పచ్చదనం. "లేని లోపాన్ని సరిచేస్తే ఏమవుతుందో తెలుసా? ఉన్నట్టవుతుంది."

"మా పిన్ని పొద్దున్నంతా మెట్ల కింద కూర్చుంది సార్. ఆవిడకి డయాలిసిస్ తప్పిపోయింది."

సంచాలకుడు ఆవిడ వివరాలు వెతికి చూశాడు. నిజంగానే శ్రద్ధగా చూశాడు. "కంగారు పడకు. ఆవిడకి బండి బయలుదేరింది" అన్నాడు, ఓదార్పుగా.

ఆమె తలుపు దాకా వెళ్ళాక వెనక్కి పిలిచాడు. "అన్నట్టు, ఆ బండి బటన్ మరీ వెలిసిపోయినట్టుంది. ఇదిగో, ఈ కర్టెన్ల రంగు పెట్టెయ్. అలంకరణకి అనుమతులూ అవీ ఏమీ అక్కర్లేదు."

ఆమె రంగు మార్చింది. రంగుతోపాటు రెండు గీతలు కూడా వెళ్ళాయి.

గురువారం పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది. వెనకాల హారన్ మోగుతోంది.

"వచ్చిందే! బండి వచ్చింది! డ్రైవరు నన్ను అత్తా అంటున్నాడు. చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. నీ బటన్ కూడా ఎంత బాగుందో, వంకాయలా నిగనిగలాడుతోంది."

అమ్మాయి ఆఫీసు వరండాలోకి వెళ్ళి, గోడ వైపు తిరిగి, కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చింది.

మధ్యాహ్నానికి షెడ్డు ఖాళీ అయింది. పేకముక్కలు సీటు కిందికి వెళ్ళాయి. శాఖకు కష్టాలు అక్కడే మొదలయ్యాయి. బండ్లు తిరుగుతున్నాయి కాబట్టి డీజిలు అయిపోతోంది. విన్నపాలు వచ్చినన్ని బండ్లు లేవు. అన్నిటికంటే ఘోరం, ఫిర్యాదులు. బండి ఆలస్యమైందని, సీటు చిరిగిందని, డ్రైవరు పాటలు పాడుతున్నాడని, పాడితే పాడాడు గానీ శ్రుతి లేదని. లోపమే లేని శాఖలో, తెర మీద ఎర్రటి గళ్ళు పొక్కుల్లా లేచాయి. సంచాలకుడు అత్యవసర సమావేశం పెట్టాడు.

"మొన్నటిదాకా ఒక్క ఫిర్యాదు లేదు. ఇవాళ పెట్టడానికి చోటు లేదు. మధ్యలో మారిందేమిటి?"

"బటన్ రంగు సార్" అన్నాడు రెండొందలు.

వంగపండు రంగు రోగుల్లో అసంతృప్తి రేపుతోందని సమావేశం అభిప్రాయపడింది. (కర్టెన్ల మీద విచారణ అవసరం లేదని కూడా అభిప్రాయపడింది.) అమ్మాయి లేచి నిలబడింది.

"రంగు కాదు సార్. రంగుతోపాటు గీతలు కూడా నేనే పెట్టాను. అవి లేనప్పుడు బండి విన్నపాలు చేరలేదు. ఫిర్యాదులూ చేరలేదు."

"అంటే గీతలు లేనప్పుడు ఫిర్యాదులు లేవు."

"చేరలేదు సార్."

"నేనూ అదే అంటున్నా."

"ఫిర్యాదు చేసే దారి కూడా మూసుకుపోయింది సార్. మనుషులు రోడ్ల మీద కూర్చున్నారు!"

"అమ్మా" అన్నాడు సంచాలకుడు, ఏమాత్రం కోపం లేకుండా, "దారి తెరిచిందెవరు?"

గదిలో ఎవరూ ఆమె వైపు చూడలేదు. రెండొందలు తన పెన్ను మూతను చాలా శ్రద్ధగా బిగించుకున్నాడు. పాత యాప్‌ను తిరిగి తేవాలని తీర్మానం అయింది. ఇకపై గీతల జోలికి వెళ్ళే పని సుందరీకరణ సంఘానికి తప్ప ఇంకెవరికీ లేకుండా చేశారు.

అమ్మాయి సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్ళింది. పిన్ని మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంది. వాపు తీసింది.

"రేపటి నుంచి ఆ బటన్ నొక్కకు పిన్నీ. నేనే వచ్చి తీసుకెళ్తా."

"ఏం, బండి బాగానే వస్తోందిగా?"

"ఇక రాదు."

పిన్ని ఎందుకని అడగలేదు. దుప్పటి అంచు సరిచేసుకుంది. "నాకంటే నువ్వున్నావు. ఆస్పత్రిలో నా పక్క మంచం ఆవిడకి నా అన్నవాళ్ళు లేరే. మరి ఆవిడో?"

"ఎక్కడుంటుంది? ఆవిడని కూడా నేనే తీసుకెళ్తా."

"ఏమోనే. ఇల్లు ఎప్పుడూ అడగలేదు. అక్కడ పడుకుంటే మాట్లాడే ఓపిక ఎవరికుంటుంది?"

పాత యాప్ ఆ రోజే తిరిగి వచ్చింది. మర్నాటికల్లా ఫిర్యాదులు ఆగిపోయాయి. పక్క మంచం ఆవిడ నుంచి కూడా ఇంతవరకు ఒక్కటీ రాలేదు. శాఖ దగ్గరున్న సమాచారం ప్రకారం ఆవిడ పూర్తి సంతృప్తితో ఉంది.